ప్లేటు మీద టీజీ వచ్చింది.. గేటు కాడ దళారీ పోలేదు!

పాత కారు కొన్న తెలంగాణ బిడ్డ దాంట్ల పెట్రోలు పోయించుకునే ముందు ఒక పైరవీకారును మాట్లాడుకోవాలె. ఇది కోపంతో అంటున్న మాట కాదు. ఏ ఆర్టీఏ ఆఫీసు ముందైనా పొద్దున పది గంటలకు నిలబడి చూడండి. గేటుకు ఈవల జిరాక్స్ డబ్బాలు, గొడుగుల కింద టేబుళ్లు, టేబుళ్ల మీద ఫారాల కట్టలు. మనం బండి స్టాండ్ వేయకముందే ఒకడు ఎదురొస్తడు. "ఏం పనన్నా? ట్రాన్స్‌ఫరా, రెన్యువలా, ఎన్‌వోసీయా?" అని అడుగుతడు. లోపల కిటికీ దగ్గర ఉన్న అధికారి ఇంత మర్యాదగా మనల్ని ఎన్నడన్నా పలకరించిండా?

ఈ మాట మన పత్రికలో ఎందుకు అనే మిత్రులకు ఒక జ్ఞాపకం. 2009, 2010 సంవత్సరాలలో మనలో ఎందరం బండి ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ రాసుకున్నాం! చట్టం ఒప్పుకోకున్నా రాసుకున్నాం. రాష్ట్రం 2014లో వచ్చింది. అప్పటి సర్కారు టీఎస్ అన్నది. 2024 మార్చిలో ఆ టీఎస్ పోయి టీజీ వచ్చింది. రెండక్షరాల కోసం పదిహేనేండ్లు పట్టుబట్టినోళ్లం మనం. అట్లాంటి మనం ఆ ప్లేటు వెనుక ఉన్న కాగితాల సంగతి మాత్రం గొడుగు కింద కూర్చున్నోడికి ఎందుకు అప్పజెప్పినట్టు?

లెక్క చూడండి. చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు. ఉద్యమం రోజుల్లో రోడ్డెక్కిన బండ్లకు ఆ గడువు ఇప్పుడు తీరుతున్నది. ఆ కార్లు కొంటున్నది ఎవరు? కొత్త కారుకు లోన్ రాని కాంట్రాక్టు ఉద్యోగి, రిటైరైన టీచరు, ఇంట్లో ముసలి తల్లిదండ్రులను దవాఖానకు తీసుకుపోవాల్సిన గుమస్తా. పాత మోటార్ సైకిల్ కొనేది యూనివర్సిటీ విద్యార్థి. షోరూంలో కొత్త బండి కొన్నోడికి డీలరే కాగితాలన్నీ చేసి చేతికిస్తడు. చెప్పులరిగేటట్టు తిరిగేది పాత బండి కొన్నోడే.

అసలు ఏయే కాగితం కావాలె? ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవాడు 29వ ఫారం, కొన్నవాడు 30వ ఫారం ఇవ్వాలె. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ జతచేయాలె. బండి మీద అప్పు ఉండి తీరిపోతే బ్యాంకు సంతకంతో 35వ ఫారం. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తెచ్చి, ఇక్కడ 27వ ఫారంతో కొత్త నంబర్ అడగాలె, ఇక్కడి పన్ను కట్టాలె. 2014 జూన్ 2 తర్వాత విజయవాడలో రిజిస్ట్రేషన్ అయిన కారైనా, బెంగళూరు కారైనా మనకు ఇప్పుడు వేరే రాష్ట్రపు బండే. పదిహేనేండ్లు నిండితే 25వ ఫారంతో రెన్యువల్, దానికి బండిని తీసుకుపోయి చూపించాలె. ఇంతే. పదో తరగతి చదివినోడు నింపగలిగే ఫారాలు ఇవి. ఫీజు కూడా వేలల్లో లేదు. కేంద్ర నిబంధనల్లో కారు పేరు మార్పిడికి 300 రూపాయలు, కార్డుకు 200. రాష్ట్రం వేసే సర్వీస్ చార్జీ వేరే. గొడుగు కింద అడిగే రేటెంతో పాఠకులకు మేం చెప్పనక్కర లేదు.

ఇక తనిఖీ సంగతి. మన ఊళ్లల్ల ఇప్పటికీ మోటారు వాహనాల తనిఖీ అధికారిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటరు. ఆయన బ్రేకు చూసేటోడు కాబట్టి ఆ పేరొచ్చింది. బండి నడిపించి, బ్రేకు తొక్కించి, స్టీరింగ్ ఆట చూసి, లైట్లు వేయించి, టైర్ల అరుగుదల చూసి సంతకం పెట్టాలె. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు పుస్తకంలో ఉన్నదానితో సరిపోయిందా అని తన కండ్లతో చూడాలె. ఇప్పుడు జరిగేది ఏమిటి? ఏజెంటు కుర్రాడు బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తెచ్చిన అచ్చు ఫైలులో చేరుతుంది. మేం ఈ మధ్య ఒక ఆఫీసు దగ్గర ఒక పూటంతా నిలబడ్డాం. తనిఖీకి వరుసలో నిలిచిన బండ్లలో బానెట్ తెరిపించినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బ్రేకు పరీక్ష కోసం కదిలించిన బండి ఒక్కటీ మా కంట పడలేదు. ఫైలు మీద మాత్రం ఒక గుర్తు ఉన్నది. ఆ గుర్తు ఏ ఏజెంటు ఫైలో చెపుతుందట. గుర్తు లేని ఫైలుకు ఏదో ఒక లోటు దొరుకుతుంది. సంతకం కలవలేదంటరు, జిరాక్స్ మసకగా ఉందంటరు, అడ్రస్ ప్రూఫ్ పాతదంటరు. "రేపు రాపో" అన్నంత వరకే జవాబు.

ఇందులో రెండు అన్యాయాలున్నయి. మొదటిది అందరికీ తెలిసిన లంచం. రెండోదాని గురించే ఎవరూ మాట్లాడరు. బండిని చూడకుండా పెట్టిన సంతకం కొన్నవాడి ప్రాణం మీదికి వస్తుంది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ కాలనీల్లో ఎన్ని కార్లు నీళ్లలో మునిగినయో అందరం చూసినం. అట్లాంటి కారును ఆరబెట్టి, సీట్లు మార్చి, సెంటు కొట్టి అమ్మితే కొన్నవాడికి ఎట్లా తెలుస్తది? ప్రమాదంలో నుజ్జయిన రెండు బండ్లను అతికించి ఒక బండి చేస్తే ఎవడు పట్టుకోవాలె? దొంగిలించిన బండికి వేరే నంబరు కొడితే? మనం ఫీజు కట్టి, సెలవు పెట్టి, బండిని తోలుకొని పోయి నిలబడేది అధికారి కండ్లతో ఇవి చూస్తడనే కదా. ఆ కండ్లు మూసుకున్నప్పుడు ఆ కాగితానికి విలువెంత?

ఇంత తిరుగుడు భరించలేక మనవాళ్లు కనిపెట్టిన అడ్డదారి ఓపెన్ ట్రాన్స్‌ఫర్. ఖాళీ 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి, సీ-బుక్ చేతిలో పెట్టి, డబ్బులు తీసుకొని ఇంటికి పోవుడు. కొన్నవాడు పేరు మార్చుకోడు. వాడు ఇంకొకడికి అమ్ముతడు, వాడు మరొకడికి. హాస్టళ్లలో తమ్ముళ్లు బైకులు ఇట్లనే చేతులు మారుస్తున్నరు. జాగ్రత్త తమ్ముళ్లూ! 2007లో కారు అమ్మేసిన ఒక మనిషి కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ కారు చేతులు మారి 2009లో ప్రమాదం చేసింది. రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి మనిషి పేరు మీదనే ఉన్నది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: చట్టం కండ్లకు రికార్డులో పేరున్నవాడే యజమాని, నష్టపరిహారం బాధ్యత వాడిదే. 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు సంగతి తెలిసిందే. అది పలు చేతులు మారిన కారు. పోలీసులు ముందుగా పోయి పట్టుకొచ్చి ప్రశ్నించింది ఎప్పుడో దాన్ని అమ్మేసిన పాత ఓనర్‌ను. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టే ముందు ఈ రెండు సంగతులు యాది చేసుకోండి.

ఈ ఓపెన్ ట్రాన్స్‌ఫర్ పాపం జనానిదేనా? చట్టం అమ్మినవాడికి 14 రోజులు, కొన్నవాడికి 30 రోజులు గడువు పెట్టింది. గడువులన్నీ మనకే. ఫైలు ఇన్ని రోజుల్లో తేల్చాలని కిటికీ లోపలి మనిషిని అడిగేదెవరు? 2023 ఏప్రిల్ నుంచి కేంద్రం పాత బండ్ల డీలర్లకు కొత్త నిబంధన తెచ్చింది. బండ్లు కొని అమ్మే దుకాణం ఆర్టీఏ నుంచి అధికార పత్రం తీసుకోవాలె. బండి వాళ్ల చేతికి పోయినట్టు 29సీ ఫారం ఆన్‌లైన్‌లో పంపితే, అమ్ముడుపోయే వరకు బాధ్యత ఆ డీలరుదే. మంచి నిబంధన. మన రోడ్ల పక్కన బోర్డులు కట్టుకున్న కార్ కన్సల్టెన్సీల్లో ఆ పత్రం గోడకు తగిలించినవి ఎన్ని? ఈసారి బండి అమ్మబోతే ముందు అది చూపించమనండి.

"అన్నీ ఆన్‌లైన్ అయినయి కదా" అంటరు పెద్దలు. అయినయి. స్లాట్ ఆన్‌లైన్, ఫీజు ఆన్‌లైన్. క్యూ కొంత తగ్గిన మాట నిజం. కానీ ఆ స్లాట్ బుక్ చేసేది కూడా గొడుగు కింద లాప్‌టాప్ పెట్టుకున్నోడే. ఆన్‌లైన్ నిజంగా దళారీని వెళ్లగొట్టి ఉంటే 2024 మేలో ఏసీబీ రాష్ట్రమంతటా రవాణా ఆఫీసుల మీద ఒకేసారి తనిఖీలకు దిగాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

ఫీజులు పెంచుడులో మాత్రం సర్కార్లకు ఆలస్యం లేదు. పదిహేనేండ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది 2022 ఏప్రిల్‌లో. 2025 ఆగస్టులో ఇరవై ఏండ్లు దాటిన కారుకు 10,000 చేసినరు. పాత బండ్లు పొగ వదులుతయి, తీసేయాలె అంటున్నది ఢిల్లీ. పొగ తగ్గాలె, మేం కాదనం. అయితే 5,000 కట్టించుకొని బ్రేకు కూడా చూడకపోతే అది తనిఖీ ఫీజు ఎట్లయితది? పేదోడి బండి మీద వేసిన జరిమానా అంటే సరిపోతది.

ఇప్పుడు యంత్రాల మాట వస్తున్నది. 2021లో కేంద్రం ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు నిబంధనలు తెచ్చింది. బ్రేకు, లైటు, పొగ, సస్పెన్షన్ మనిషి కాదు, మిషన్ చూస్తుంది. మేం దీనికి వ్యతిరేకం కాదు, మిషన్‌కు ఫైలు మీద గుర్తులు కనపడవు. కానీ ఈ స్టేషన్లు ప్రైవేటు కంపెనీలకూ ఇయ్యొచ్చని అవే నిబంధనలు చెప్పినయి. పరీక్ష చేసేవాడు రిపేరు చేయరాదు, స్పేర్ పార్టులు అమ్మరాదు అని కూడా అందులోనే రాసినరు. అంటే ప్రమాదం ఎక్కడుందో రాసినవాళ్లకు తెలుసు. ఒక జిల్లాకు ఒకే స్టేషన్, అది ఒకే కంపెనీ చేతిలో, పక్కనే వాళ్ల బామ్మర్ది మెకానిక్ షెడ్డు ఉంటే ఏమైతది? గొడుగు కింది దళారీ పోయి ఏసీ గదిలో దళారీ వస్తడు. ఆసిఫాబాద్ మనిషి, భూపాలపల్లి మనిషి పరీక్ష కోసం ఎన్ని కిలోమీటర్లు పోవాలె? ఈ లెక్క ఇప్పుడే అడగాలె, టెండర్లు అయిపోయినంక కాదు.

రవాణా శాఖలో ఉన్న మన ఉద్యోగ మిత్రులు ఇది చదివి నొచ్చుకుంటరని తెలుసు. 2011లో సకల జనుల సమ్మెలో ఉద్యోగులు 42 రోజులు జీతాలు లేకుండా నిలబడ్డరు. ఆ రుణం మేం మరిచిపోలేదు. సిబ్బంది తక్కువ, బండ్లు ఎక్కువ అనే మీ మాటా నిజమే. పోస్టులు నింపమని మీరు అడిగితే మీ వెంట మేముంటం. కానీ సిబ్బంది తక్కువైతే ఫైలు ఆలస్యం కావాలె గానీ, ఏజెంటు ఫైలు ఒక్కటే ఎట్లా ఉరుకుతది?

మా డిమాండ్లలో కోటలు కట్టేది ఏదీ లేదు. ఏ పనికి ఏ ఫారం, ఎంత ఫీజు, ఎన్ని రోజులు, ఇవన్నీ గేటు ముందరనే తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో బోర్డు కట్టాలె. తనిఖీ జరిగే చోట కెమెరా ఉండాలె, బ్రేకు పరీక్ష దాని ముందరే జరగాలె. ఏం చూసినరో, ఏం తేలిందో రాసిన కాగితం బండి ఓనర్ చేతిలో పెట్టాలె. ఫైలు తిరగ్గొడితే నోటితో చెప్పుడు బంద్ కావాలె, కారణం రాసి సంతకం పెట్టి ఇయ్యాలె.

అప్పటిదాకా చట్టంలో ఇప్పటికే ఉన్న హక్కును వాడండి. మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ చదవండి. ఎన్‌వోసీకి దరఖాస్తు తీసుకున్న ఆఫీసు రసీదు ఇవ్వాలె. 30 రోజుల్లో ఇచ్చినమనో ఇయ్యమనో చెప్పాలె. ఇయ్యమంటే కారణం రాతలో ఉండాలె. ఏమీ చెప్పకుండా 30 రోజులు గడిస్తే ఎన్‌వోసీ ఇచ్చినట్టే లెక్క అని చట్టమే చెపుతున్నది. రసీదు లేకుండా కిటికీ దగ్గర నుంచి కదలకండి. ముప్పై ఒకటో రోజున ఆ రసీదు జిరాక్స్ జతచేసి, సెక్షన్ నంబరు రాసి, ఆర్టీవో పేరున స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. దాని నకలు మాకు పంపండి. మీ పేరు బయటపెట్టం. ఆఫీసు పేరు, దరఖాస్తు తేదీ, తిప్పిన రోజుల లెక్క మాత్రం వారం వారం ఇదే పేజీలో అచ్చేస్తం.