అతికించుట కన్న కట్టుట మేలు

వాడి పారవేసిన వస్తువులతో కళారూపములు నిర్మించుట కళాశాలల వార్షికోత్సవములలో ఒక ఆచారముగా స్థిరపడినది. ప్రదర్శన ముగియగానే విప్పివేయు ఇట్టి నిర్మాణములను పాశ్చాత్యులు ‘ఇన్‌స్టలేషన్’ అన్నారు. పేరు కొత్తదే గాని పని మనకు కొత్తది కాదు. తెలంగాణ స్త్రీలు తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మ ఆ రాత్రికే చెరువు చేరును. వెదురు బద్దలకు రంగు కాగితములు అమర్చి కట్టిన తాజియా, మొహర్రం ముగియుటతోనే మట్టికో నీటికో అప్పగింపబడును. మన దేశపు కూలీలు ఓడలెక్కి చేరిన ట్రినిడాడ్ ద్వీపమున సైతము ‘హోసే’ పేర తాజియాలు కట్టి సముద్రమున విడుచు సంప్రదాయము కలదు. (తాజియా విషయమున మనలో అభిప్రాయభేదములున్నవి. ఇచ్చట మేము చూచుచున్నది పనితనము మాత్రమే.)

ఇక నేటి ప్రదర్శనల సంగతి. ఒక నీళ్ళ సీసాను తీసుకొందము. పాత సామానుల అంగడికి చేరినచో అది ముక్కలై, కరిగి, పాలియెస్టర్ నూలుగా మారగలదు. దానికి గట్టి జిగురు పూసి, తళుకుపొడి చల్లి, ఎనామిల్ రంగు వేసి నెమలిని చేయుదురు. నెమలి మూడు గంటలు మెప్పు పొందును. మరునాడు ఆ సీసాను కొనువాడుండడు! వ్యర్థమును వినియోగించితిమని చెప్పుకొనుచు, వ్యర్థము కానిదానిని వ్యర్థము చేయుట ఇది. పైగా నెమలి నిలుచుటకు కొత్త థర్మోకోల్ పలక కొనవలెను. అలంకరణకు వాడు థర్మోకోల్‌ను, 100 మైక్రాన్లకు తక్కువ మందముగల పి.వి.సి. బ్యానర్లను కేంద్రప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. అయినను వేదికలపై ఆ తెల్లని అక్షరములు వెలయుచునే యున్నవి. వాని పూసలు గాలికి లేచి మన బుక్కపట్నము చెరువు దారి పట్టిన, ఏరువారెవ్వరు?

చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన గాజులతో, పింగాణి ముక్కలతో నిర్మించిన రాక్ గార్డెన్ 1976లో ప్రజలకు తెరువబడినది. అది సిమెంటులో శాశ్వతముగా నిలిచిన కళ. దాని మార్గము వేరు. మూడు గంటల కళకు మూడు నిమిషములలో విడిపోవు ముడి కావలెను. ధర్మవరపు మగ్గము వద్ద కొత్త పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా కలుపు చేతులను చూచిన విద్యార్థులు మనలో ఎందరో గలరు. ఆ నేర్పు ఇంటనుండగా జిగురు గొట్టమేల? గోనెసంచులు, వేరుశెనగ పొట్టు, కొబ్బరి మట్టలు, పాత ఉర్దూ తెలుగు పత్రికలు మనకు కొదువ కాదు. కాగితమునకు జిగురు తప్పనిచో మైదాపిండి ఉడికించుకొనవచ్చును. నీటిలో నానినంతనే అది వదలును.

తళుకు తగ్గునని కొందరనవచ్చును. తగ్గును. తగ్గనిండు.

కార్యవర్గము వారికి మా మనవి ఒక్కటే. రాబోవు పోటీలో వంద మార్కులకు యాభై మాత్రమే ప్రదర్శననాడు వేయవలెను. తక్కిన యాభై మరునాటి ఉదయమునకు ఉంచవలెను. న్యాయనిర్ణేతలు మరల వచ్చి, ప్రతి జట్టును తన నిర్మాణమును తానే విప్పి కాగితము, ప్లాస్టిక్కు, గుడ్డ, వెదురు వేరుచేయుమని కోరవలెను. అంగడివానిని అచ్చటికే పిలిపించి తూకము వేయించి, వచ్చిన పైకమును ఆ జట్టుకే ఇప్పించవలెను.