మనకి షాపెందుకు, ఫోనుంది కదా!

ఫిల్మ్‌నగర్లో ఒక ఆటో అన్నని "ఔట్‌డోర్ సామాను బాగుచేసే షాపు ఎక్కడుందన్నా?" అని అడిగాను. ఎక్కమన్నాడు, ఎక్కాను. తీసుకెళ్ళి జనరేటర్ వ్యాన్లు, లైట్ల లారీలు ఆగి ఉన్న ఒక గేటు ముందు దించాడు. ఆయన తప్పేం లేదు లెండి. ఆ ఏరియాలో ఔట్‌డోర్ అంటే ఔట్‌డోర్ యూనిట్టే. సినిమా టైటిల్స్‌లో మనం పాప్‌కార్న్ సర్దుకుంటూ చదవకుండా వదిలేసే లైను అది. కెమెరా, లైట్లు, ట్రాలీ, క్రేను అద్దెకిచ్చేవాళ్ళు. నాక్కావలసింది ట్రెక్కింగ్ బ్యాగు జిప్పు బాగుచేసేవాడు.

అప్పుడు నవ్వుకున్నాను కానీ, ఆయన నన్ను దించింది సరైన చోటే. ఎలాగో తర్వాత చెప్తా. ముందు మన సంగతి కొంచెం కడగాలి.

మనం అంటే ఎవరో కాదు, మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా మెడలో ట్యాగు వేసుకుని తిరిగే మనమే. ఈమధ్య మనందరికీ కొండల పిచ్చి పట్టింది. మంచిదే. శనివారం పొద్దున ఖాజాగూడ గుట్టలు, ఇంకొంచెం ఊపొస్తే భువనగిరి కోట, డిసెంబర్లో నాలుగు సెలవులు దొరికితే ఉత్తరాఖండ్. వెళ్ళేముందు సామాను కొనాలి కదా. అప్పుడు మనం ఏం చేస్తాం? షాపుకెళ్తాం. ఏసీలో కూర్చుంటాం. ఆ కుర్రాడి చేత ఆరు జతల బూట్లు దింపిస్తాం. తొడుక్కుని ఇటూ అటూ నడుస్తాం. సైజు, మోడల్ నంబరు ఫోటో తీసుకుంటాం. "ఆలోచించి చెప్తాం బాస్" అంటాం. లిఫ్టు కిందకి దిగేలోపు ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేస్తాం. ఆలోచించేది ఏమీ లేదని మనకీ తెలుసు, ఆ కుర్రాడికీ తెలుసు.

దీన్ని మనం తెలివి అనుకుంటున్నాం. నేను దొంగతనం అంటున్నాను. ఎదుటివాడి గంట సమయం, పదేళ్ళ అనుభవం తీసేసుకుని, డబ్బులు మాత్రం వేరేవాడికి కట్టడాన్ని ఇంకేమనాలి? మన క్లయింటు మన చేత డిజైన్ డాక్యుమెంటు రాయించుకుని, దాన్ని పట్టుకెళ్ళి తక్కువ రేటు కంపెనీకిస్తే మనం కాఫీ మెషిన్ దగ్గర నెల రోజులు తిట్టుకోమూ?

నీతులు చెప్తున్నాడనుకోకండి. ఈ పని నేనే చేశాను కాబట్టి ఇంత వివరంగా రాయగలుగుతున్నా.

కొన్నేళ్ళ కిందట జూబ్లీహిల్స్‌లో, మెయిన్ రోడ్డు మీద కాదు, పక్క సందులో ఒక చిన్న షాపుండేది. బోర్డు కూడా సరిగ్గా కనపడదు. నేను వెళ్తే మధ్యాహ్నం పన్నెండింటికి బూటు సైజు చూడనన్నాడు ఆ షాపాయన. సాయంత్రం రమ్మన్నాడు, పొద్దంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది కాబట్టి. ట్రెక్‌కి వేసుకునే మందం సాక్సే తెచ్చుకోమన్నాడు. సాయంత్రం వెళ్తే వాలు చెక్క మీద కిందికి దింపాడు, వేళ్ళు ముందుకెళ్ళి తగులుతున్నాయా అని. తగిలాయి. అర సైజు పెంచాడు. "ఎక్కేటప్పుడు ఏ బూటైనా బాగానే ఉంటది సార్, దిగేటప్పుడు గోళ్ళు పోతయి" అన్నాడు. నలభై నిమిషాలు నేల మీద గొంతుక్కూర్చుని నా కాళ్ళు పట్టుకున్నాడు. రేటు 7,500 చెప్పాడు. నేను సైజు గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి, క్లియరెన్స్ సేల్లో వేరే జత 4,200కి కొన్నాను. 3,300 మిగిలిందని ఆ రోజు రూమ్మేట్లకి బిర్యానీ కూడా పెట్టించా!

కేదార్‌కంఠ దాదాపు 12,500 అడుగుల ఎత్తు. ఎక్కేటప్పుడు బానే ఉంది. దిగేటప్పుడు మంచులో కుడికాలు ఏదో మెత్తగా అనిపించింది. చూస్తే బూటు అడుగు భాగం మొత్తం ఊడి, మడమ దగ్గర వేలాడుతోంది. పావుగంటకి ఎడమది. తడిసిన బిస్కెట్టులాగా పొడిపొడిగా రాలిపోతోంది లోపలి నురుగు. గైడు తన బ్యాగులోంచి తాడు తీసి కట్టాడు. సాక్సులోకి నీళ్ళు. క్యాంపుకి చేరేసరికి రెండు వేళ్ళకి స్పర్శ లేదు. మెల్లగా వెచ్చబడ్డాక ఆ నొప్పికి అరిచాను. వేళ్ళు దక్కాయి. గైడు లేకుండా వెళ్ళుంటే, లేదా ఇంకో రెండు గంటల నడక మిగిలుంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు.

తిరిగొచ్చాక ఎందుకిలా అయ్యిందో చదివాను (ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది). చాలా ట్రెక్కింగ్ బూట్లలో అడుగుకి, పైభాగానికి మధ్య పాలీయురెథేన్ నురుగు ఉంటుంది. గాల్లో తేమ ఆ పదార్థాన్ని మెల్లగా విరగ్గొడుతుంది. హైడ్రాలిసిస్ అంటారు, ఇంటర్‌లో చదివినదే. అసలు కిటుకేంటంటే, వాడకుండా పెట్టెలో పెట్టినా ఇది ఆగదు. కొన్నేళ్ళు గోడౌన్లో మగ్గిన కొత్త బూటు, పైకి తళతళలాడుతూనే లోపల చచ్చిపోయి ఉండొచ్చు. క్లియరెన్స్ సేల్లో వచ్చేది సరిగ్గా అలాంటి సరుకే కావచ్చు. ఆ పేజీలో రంగులు ఆరు రకాలున్నాయి, స్టార్లు నాలుగున్నర ఉన్నాయి, తయారైన సంవత్సరం మాత్రం లేదు. స్టార్లిచ్చినవాళ్ళలో ఎంతమంది అది వేసుకుని మాల్ దాటి వెళ్ళారంటారు?

పాత లైబ్రరీ వెర్షన్ ఒకటి ప్రొడక్షన్లో కనపడితే అర్ధరాత్రి కాల్ పెట్టి గోల చేసే మనం, కాళ్ళ కింద ఏముందో చూసుకోం.

"మరి షాపువాడు మాత్రం పాత సరుకు అంటగట్టడా?" అంటారు. అంటగట్టొచ్చు. అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. కానీ అక్కడ నేను బూటు వంచి చూడొచ్చు, బొటనవేలితో నొక్కి చూడొచ్చు, పెట్టె మీద నెల, సంవత్సరం చూపించమనొచ్చు. పైగా సోమవారం నేను మళ్ళీ ఆ సందులోంచే వెళ్తానని వాడికి తెలుసు. ఆన్‌లైన్లో అమ్మినవాడికి నా మొహం తెలీదు, నాకు వాడి ఊరు తెలీదు. పది రోజుల్లో తిరిగి తీసుకుంటామన్నారు, నా బూటు ఊడింది రెండో నెల్లో.

స్లీపింగ్ బ్యాగుల సంగతి ఇంకా ఘోరం. లేబుల్ మీద సాధారణంగా మూడు ఉష్ణోగ్రతలుంటాయి - కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. కంఫర్ట్ అంటే హాయిగా నిద్రపోవచ్చు. లిమిట్ అంటే ముడుచుకుని ఎలాగో పడుకోవచ్చు. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర సంగతి దేవుడెరుగు, కొన్ని గంటలు ప్రాణం నిలబడొచ్చు, చర్మం మంచుకి దెబ్బతిన్నా తినొచ్చు. అమ్మే పేజీల్లో పెద్దక్షరాలతో ఏ అంకె వేస్తారో ఊహించండి! మా టీమ్‌లో ఒకమ్మాయి 'మైనస్ పది' అని చూసి కొనుక్కుంది. కంఫర్ట్ ప్లస్ నాలుగట. రాత్రంతా కూర్చునే ఉంది పాపం.

డెకాథ్లాన్ ఉంది కదా అంటారు. ఉంది. నేనూ వెళ్తాను. 1976లో ఫ్రాన్స్‌లో లీల్ ఊరి పక్కన మొదలైన ఆ గొలుసు మన దేశానికి రాకముందు, మామూలు జీతగాడికి ఒక మంచి వానకోటు కొనడం ఎంత ఖర్చో పాతవాళ్ళనడగండి. మొదటి బ్యాగు, మొదటి హెడ్‌ల్యాంపు అక్కడ కొనుక్కుంటే నేనేమీ అనను. చూసి, తొడుక్కుని, అక్కడే డబ్బు కడతాం. అది న్యాయమైన బేరం. నా గొడవ ఒకచోట తొడుక్కుని ఇంకోచోట కొనే మనతో.

సరే, వేళ్ళు నయమయ్యాక ఆ సందులో షాపుకెళ్ళాను. క్షమాపణ చెప్పాలనేం కాదు, బూట్లు కొనాలని. షాపు లేదు. అద్దాల మీద గోధుమరంగు కాగితం అంటించి, లోపల ఏదో కేకుల కొట్టుకి పని జరుగుతోంది. నా 3,300 వల్లే మూతపడిందనుకునేంత అహంకారం నాకు లేదు. జూబ్లీహిల్స్‌లో అద్దెలు ఎలా ఉన్నాయో తెలుసు. రోడ్ నంబర్ 36లో ఒకప్పుడు ఇళ్ళుండేచోట ఇప్పుడు షోరూమ్ పక్కన షోరూమ్. కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళగుట్టల్ని పేల్చి చదునుచేసి కట్టిన బిల్డింగుల్లో కొండలెక్కే బూట్లు అమ్ముకోవడానికి కూడా చోటు మిగల్లేదు. కానీ ఆ షాపాయన చేత నలభై నిమిషాలు కాళ్ళు పట్టించుకుని "ఆలోచించి చెప్తా" అన్నవాళ్ళం మనం ఎంతమందిమో లెక్క కడితే... కట్టను.

ఇప్పుడు ఆటో అన్న సంగతి. ఆ గేటు దగ్గర ఒక లైట్‌మ్యాన్‌ని నా బ్యాగు చూపించి అడిగితే, రామానాయుడు స్టూడియో వైపు దారిలో కిందకి దిగే సందులోకి పొమ్మన్నాడు. అక్కడ రేకుల షెడ్డులో ఒక పెద్దాయన. కుట్టుమిషన్ రెండు, గోడకి చుట్టలు చుట్టలుగా క్యాన్వాసు. కెమెరా కవర్లు, లైట్ల ముందు కట్టే తెల్లగుడ్డలు, షూటింగ్ గొడుగులు, టార్పాలిన్లు కుడతాడు. తెనాలి మనిషి. చిన్నప్పుడే మద్రాసెళ్ళి అక్కడ స్టూడియోల్లో పని నేర్చుకుని, పరిశ్రమతోపాటు ఇటొచ్చాడు. అక్కినేని వారు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచాక కూడా చాలా ఏళ్ళు సగం పని మద్రాసులోనే జరిగేదని చెప్తుంటాడు. కొండ పేరు ఒక్కటి కూడా ఆయనకి తెలీదు. కానీ వానలో, ఎండలో, దుమ్ములో బరువు మోసే గుడ్డ ఎక్కడ చిరుగుతుందో ఆయనకి తెలిసినంత నాకు తెలిసిన ఏ ట్రెక్ లీడర్‌కీ తెలీదు.

జిప్పు చూసి "పళ్ళు బానే ఉన్నాయి బాబూ, రన్నర్ అరిగింది" అన్నాడు. 80 రూపాయలు. నేను కొత్త బ్యాగుకి 6,000 బడ్జెట్ వేసుకున్నాను. భుజం పట్టీ దగ్గర కుట్టు వదులవుతోందని నేనడక్కుండానే చూపించి, అడ్డంగా గీతలు గీతలుగా గట్టికుట్టు వేశాడు. ఇంకోసారి వానకోటు తీసుకెళ్తే, లోపలి పూత పొరలుపొరలుగా లేస్తోంది. "ఇది కుట్టినా నీళ్ళు ఆగవు, డబ్బు దండగ" అని వెనక్కిచ్చేశాడు.

అదీ నాకు నచ్చిన షాపు. 'వద్దు' అనగలిగినవాడి దగ్గరే నేను కొంటాను, బాగుచేసేవాడి దగ్గరే బాగుచేయిస్తాను. మిగతా లెక్కలన్నీ, పోలిక పట్టికలు, కూపన్లు, డెలివరీ ఎన్నింటికొస్తుంది, నాకక్కర్లేదు.

మొన్న ఆఫీసు ట్రెక్కింగ్ గుంపులో ఒక మాట అన్నాను. బూట్ల షాపువాళ్ళు కొలత చూసినందుకు 300 తీసుకుని, కొంటే బిల్లులో తగ్గిస్తే ఏం? డాక్టరు మందు రాయకపోయినా ఫీజు ఇస్తాం కదా. ఇద్దరు బాగుందన్నారు. ఒకడు మాత్రం ఆ 300కి క్యాష్‌బ్యాక్ వస్తుందా అనడిగాడు. రోడ్ నంబర్ 36లో 350 పెట్టి కాఫీ తాగుతూనే అడిగాడు!

వాణ్ణే పోయిన శనివారం బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. రన్నర్ మార్చి 80 అన్నాడాయన. వీడు 50కి చేయమన్నాడు. నేను వీడి కాలు తొక్కాను.

బాబాయ్ పదకొండు దాటాక తెరుస్తాడు. షూటింగ్ సామాను వస్తే మన బ్యాగు పక్కన పెడతాడు, గొడవ పడకండి. మర్నాడు ఇచ్చేస్తాడు.