బరువు లాగే బండికి గేరు రాడ్డు ఎందుకు?

డెన్వర్‌లో ఉండే మా ఫ్రెండొకడికి ఈ మధ్య ట్రావెల్ ట్రెయిలర్ పిచ్చి పట్టుకుంది. 7,500 పౌండ్ల ట్రెయిలరు ముందు కొనేశాడు, దాన్ని లాగే ట్రక్కు కోసం ఇప్పుడు వెతుకుతున్నాడు. (పగ్గం కొన్నాక ఎద్దు కోసం వెతికినట్టు లేదూ?) 2016 రామ్ 2500 కమిన్స్ డీజిలు ఒకటి దొరికిందట, మాన్యువల్ గేర్లు. "మనం మారుతి 800 మీద నేర్చుకున్నవాళ్ళం, మనకి ఆటోమేటిక్ ఏంట్రా" అంటాడు. ఈ "మనం" అన్న మాట దగ్గరే నాకు పేచీ. అది తర్వాత చెప్తా.

వాడి వాదన పూర్తిగా గాల్లోంచి ఊడిపడింది కాదు. ఒకప్పుడు బరువు లాగాలంటే మాన్యువలే కొనాలి, అది నిజం. 2001లో ఇదే కమిన్స్ ఇంజన్‌లో ఎక్కువ టార్క్ ఇచ్చే రకం, 505 పౌండ్-ఫీట్లది, ఆరు గేర్ల మాన్యువల్‌తో మాత్రమే ఇచ్చేవాళ్ళు. ఆటోమేటిక్ కావాలంటే 460తో సరిపెట్టుకోవాలి. అప్పటి ఆటోమేటిక్ అంతకంటే తట్టుకోలేదు మరి. తొంభైల నాటి ఆ ట్రక్కుల్లో ఇంజన్ లక్షల మైళ్ళు తిరిగినా మధ్యలో గేరుబాక్సు రెండు మూడుసార్లు విప్పించుకున్నవాళ్ళు బోలెడుమంది. ఆ కథలు విన్నవాళ్ళే ఇప్పటికీ "ఆటోమేటిక్ వద్దు" అంటుంటారు.

2018కి వచ్చేసరికి అదే కంపెనీ, అదే బ్రాండు ఇంజన్, లెక్క తిరగబడింది. మాన్యువల్‌తో కొంటే 660 పౌండ్-ఫీట్లు. పెద్ద ఐసిన్ ఆటోమేటిక్‌తో కొంటే 930! గేరు రాడ్డు ఉన్న బండికి కంపెనీవాళ్ళే ఇంజన్ గొంతు నొక్కేసి అమ్మారన్నమాట. 2019లో టార్క్ వెయ్యికి చేరింది, మాన్యువల్ అసలు కనపడకుండా పోయింది. పెద్ద పికప్పుల్లో ఆఖరిది అదే. జీప్ గ్లాడియేటర్ సంగతీ అంతే. 2020 రూబికాన్‌లో ఇంజన్ ఒకటే అయినా ఆటోమేటిక్‌తో 7,000 పౌండ్లు లాగొచ్చన్నారు, మాన్యువల్‌తో 4,500 దాటొద్దన్నారు.

ఎందుకిలా? అంతా వేడి దగ్గరుంది. ఆగి ఉన్న బరువుని కదిలించేటప్పుడు ఇంజన్ తిరుగుతుంటుంది, చక్రాలు తిరగవు. ఆ తేడా ఎక్కడో ఒకచోట జారాలి. మాన్యువల్‌లో జారేది క్లచ్ ప్లేటు. ఆ పొడి ప్లేటుకి పుట్టిన వేడి పోయే దారి సరిగా ఉండదు, కాసేపు జారిస్తే మాడు వాసన మొదలు. ఆటోమేటిక్‌లో జారేది టార్క్ కన్వర్టర్ లోపలి నూనె. ఆ వేడిని నూనె మోసుకెళ్ళి కూలర్లో వదిలేస్తుంది. పైగా కదిలే ఆ మొదటి క్షణాల్లో కన్వర్టరు టార్క్‌ని ఇంచుమించు రెట్టింపు చేసిస్తుంది కూడా.

ట్రెయిలరు లాగే సామర్థ్యం కొలవడానికి జె2807 అని ఒక ప్రమాణం ఉంది. అందులో ఒక పరీక్ష ఏంటంటే, 12% ఎత్తు మీద ఆగి, అయిదు నిమిషాల్లో అయిదుసార్లు ముందుకీ అయిదుసార్లు వెనక్కీ బండిని కదిలించాలి. ఇంకో పరీక్షలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ చడావు 11.4 మైళ్ళు, ఎండలో, ఏసీ ఫుల్లుగా పెట్టి ఎక్కాలి. ఆ రెండోది ఏ గేరుబాక్సయినా ఎక్కేస్తుందేమో గానీ, మొదటిది తలుచుకుంటే క్లచ్ మీద జాలేస్తుంది. పరీక్ష అంటే ఎక్కడో జరిగేది అనుకోకండి. క్యాంపుసైట్లో ఎత్తుగా ఉన్న చోటికి ట్రెయిలర్ని అంగుళం అంగుళం వెనక్కి తోయడమంటే అదే. ఫోర్ లో వేసుకుంటే క్లచ్‌కి ఊరట దొరుకుతుంది, కానీ పొడి సిమెంటు మీద చక్రం తిప్పుతుంటే బండి బిగదీసుకుపోతుంది.

"ఎక్కడం సరే, దిగేటప్పుడు?" అన్నాడు మావాడు. మంచి ప్రశ్న. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది మన ఘాట్ రోడ్డు డ్రైవర్లకీ, చెరుకు ట్రాలీలు తోలే ట్రాక్టరు డ్రైవర్లకీ ఎవరూ నేర్పక్కర్లేదు. (డీజిలు మిగుల్తుందని న్యూట్రల్‌లో దిగే మహానుభావులూ ఉన్నారనుకోండి.) పాత ఆటోమేటిక్‌లు ఇక్కడే తెల్లమొహం వేసేవి. పల్లంలో కాలు తీసేసరికి పని తగ్గిందనుకుని పై గేరుకి పోయేవి. ఇప్పుడు టో/హాల్ బటన్ నొక్కితే, బ్రేకు తొక్కగానే సాఫ్ట్‌వేరు కింది గేరుకి దింపి పట్టుకుంటుంది. కన్వర్టర్ని లాక్ చేసి ఎగ్జాస్ట్ బ్రేక్‌ని కూడా కలుపుకుంటుంది. ఆ కోడ్ రాసినవాడెవడో గానీ దండం పెట్టాలి. మనం రాసేదానికి క్రాష్ అయితే రీస్టార్ట్ ఉంటుంది, వాడికి ఆ సౌకర్యం లేదు.

మాన్యువల్‌లో అదే పని చేతికొచ్చినవాడు అద్భుతంగా చేస్తాడు, కాదనను. కానీ ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది. అది దాటి పడమటి వైపు 7% పల్లంలో దిగుతూ, మూడో గేరు కోసం వెతికి అది పడకపోతే, ఆ కాసేపూ మీరున్నది న్యూట్రల్‌లోనే. వెనక 7,500 పౌండ్లు తోస్తుంటాయి. ఆ పల్లంలో రన్‌అవే ట్రక్ ర్యాంపులు ఊరికే కట్టలేదు.

"పద్దెనిమిది చక్రాల లారీలన్నీ మాన్యువలే కదా?" ఇదీ పాతబడ్డ మాటే. ఇప్పుడు కొత్తగా అమ్ముడయ్యేవాటిలో ఎక్కువ భాగం క్లచ్ పెడలు లేనివే. గేరుబాక్సు లోపల మాన్యువలే, మార్చేది మాత్రం కంప్యూటరు.

ఇక ఆ "మనం" సంగతి. మారుతి 800 మీద నేర్చుకున్నది వాడు. వాళ్ళావిడ డ్రైవింగు అమెరికా వచ్చాకే నేర్చుకుంది, ఆటోమేటిక్ మీదే. కొండల్లో, సెల్ సిగ్నల్ లేనిచోట, వీడికి జ్వరమో నడుం నొప్పో వస్తే ఇద్దరు పిల్లల్నీ ట్రెయిలర్నీ ఎవరు దింపాలి? వాడి దగ్గర దీనికి జవాబు లేదు. "నేర్పిస్తాలే" అన్నాడు. వెనక ట్రెయిలర్ తగిలించుకుని మొగుడు పెళ్ళానికి క్లచ్ నేర్పడమంటే, గేరుబాక్సు కంటే ముందు సంసారం విప్పించుకోవాల్సొస్తుంది :-)

మాన్యువల్ వైపు మిగిలిన ఒక్క గట్టి పాయింటు డబ్బు. ఆటోమేటిక్ పోతే వేల డాలర్లు వదుల్తాయి, క్లచ్ మార్పించడం దానికంటే చాలా చవక. పాత బండే కొంటున్నాడు కాబట్టి అది కొట్టిపారేసేది కాదు. అందుకే ఆటోమేటిక్ చూడమన్నా, కానీ ముందు దాని నూనె చుక్క తీసి తెల్లకాగితం మీద వేసి చూడమన్నా. ఎర్రగా ఉంటే బేరమాడు, గోధుమరంగుకి తిరిగి మాడు వాసనొస్తే మాత్రం ధర ఎంత తగ్గించినా వచ్చేయ్ అని చెప్పా. శనివారం రెండు బండ్లు చూడ్డానికి వెళ్తున్నాడు, ఈసారి వాళ్ళావిడని కూడా తీసుకుని.