96 మార్కులు దేనికి?

మెటల్ గేర్ సాలిడ్ 2: సన్స్ ఆఫ్ లిబర్టీకి మెటాక్రిటిక్‌లో 96 ఉంది. వందకి. మన సెమిస్టర్ పేపర్లు దిద్దేవాళ్ళు గేమ్ రివ్యూలు రాసి ఉంటే ఈ అంకె జన్మలో వచ్చేది కాదు. 2001 నవంబర్‌లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన గేమ్ ఇది. మనలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు, నాతో సహా. 2023లో మాస్టర్ కలెక్షన్ పేరుతో పీసీకి మళ్ళీ వచ్చాక ఆడాను. ఆ తర్వాత అప్పటి రివ్యూలు వెతికి చదివాను. మార్కులు కరెక్టే. ఆ మార్కులు దేనికి వేశారన్న దగ్గరే నాకు పేచీ.

(ముందే చెప్తున్నా, కథ మొత్తం బయటపెట్టేస్తాను. ఇంత పాత గేమ్‌కి స్పాయిలర్ అంటే నేను ఒప్పుకోను.)

అప్పటివాళ్ళు ఎక్కువగా పొగిడింది గ్రాఫిక్స్‌ని, గార్డుల తెలివిని. పొగడాల్సిందే. ఓడలోని బార్‌లో ఐస్ ముక్కలు కింద పడితే నెమ్మదిగా కరుగుతాయి. ఇక గార్డుల సంగతి ఇంకా బాగుంటుంది. వాళ్ళు అప్పుడప్పుడు రేడియోలో పైవాళ్ళకి రిపోర్ట్ ఇస్తారు. మీరు ఒకణ్ణి స్పృహ తప్పించి లాకర్‌లో కుక్కారనుకోండి, రిపోర్ట్ రాదు. పైనుంచి కాల్ వస్తుంది, జవాబు ఉండదు, అప్పుడు చూసిరమ్మని మనుషుల్ని పంపిస్తారు. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో హార్ట్‌బీట్ అని చదువుతామే, అచ్చం అదే. నోడ్ పలకకపోతే పోయిందని లెక్క. దీనికి విరుగుడు కూడా ఉంది: గార్డు నడుముకున్న రేడియోని గురి చూసి కాల్చేస్తే, వాడు మిమ్మల్ని చూసినా సాయం పిలవలేడు. 2001లో ఇంత ఆలోచించారంటే దండం పెట్టాలి.

కానీ ఇదంతా "మొదటి పార్ట్ కంటే పెద్దది, అందమైనది" అనే పొగడ్తే. ఏ సీక్వెల్‌కైనా ఇదే అంటారు. ఈ గేమ్ నిజంగా చేసింది వేరే.

ఇలా ఊహించండి. మన అభిమాన హీరో సినిమాకి పార్ట్ 2 వచ్చింది. ట్రైలర్ నిండా ఆయనే. హాల్లో కూర్చున్నాక కాసేపటికే హీరో ఓడతో పాటు మునిగిపోయాడు. మిగతా సినిమా అంతా ఎవడో తెల్లజుట్టు కుర్రాడు. సీట్లు మిగులుతాయా? డైరెక్టర్ హిడియో కొజిమా సరిగ్గా అదే చేశాడు. ట్రైలర్లలో, డెమోలో చూపించింది సాలిడ్ స్నేక్‌ని. గేమ్‌లో స్నేక్‌తో ఆడేది ఓడ చాప్టర్ మాత్రమే. ఆ తర్వాత చివరిదాకా రైడెన్. మొదట్లో వీడు చెప్పుకునేది, తనకి యుద్ధం తెలిసిందంతా వీఆర్ ట్రైనింగ్‌లోనే అని. అంటే మనలాగే, స్క్రీన్ ముందు కూర్చుని స్నేక్ అయిపోయాననుకునే రకం. ఫ్యాన్స్‌కి మండింది.

అసలు దెబ్బ చివర్లో ఉంది. రైడెన్ మిషన్‌లో మొదటి పార్ట్‌లో జరిగినవే మళ్ళీ జరుగుతుంటాయి: టెర్రరిస్టులు, బందీలు, ఎక్కడినుంచో ఊడిపడే నింజా. "సీక్వెల్ కదా, రిపీట్ చేస్తున్నారు" అని మనం సరిపెట్టుకుంటాం. చివరికి తేలేది ఏంటంటే, ఆ రిపీట్ చేయించినదే విలన్. ఒక మామూలు కుర్రాణ్ణి పాత సంఘటనల్లోంచి నడిపించి, కోరుకున్నట్టు తయారుచేయొచ్చా అని ఒక ఏఐ పెట్టిన పరీక్ష అది. ఆర్డర్లు ఇచ్చిన కల్నల్ కూడా మనిషి కాదు, ఆ ఏఐయే. మనం చెప్పినదల్లా చేసుకుంటూ వచ్చాం, మార్కుల కోసం. ఈ ట్రిక్ మొదటి పార్ట్‌లో కుదరదు, సీక్వెల్‌లోనే కుదురుతుంది. 96 వేయాల్సింది దీనికి. కానీ ట్విస్ట్ చెప్పకూడదు కాబట్టి రిలీజ్ రోజుల్లో రివ్యూవర్లు దీని చుట్టూ తిరిగారే తప్ప లోపలికి వెళ్ళలేకపోయారు. మిగిలింది ఐస్ ముక్కలే.

ఇప్పుడు పొగడ్త ఇంకో వైపుకి తిరిగింది. డిజిటల్ ప్రపంచంలో చెత్త సమాచారం పేరుకుపోతుందని, ఏది మిగలాలో తామే నిర్ణయిస్తామని ఆ ఏఐ అంటుంది కదా, అది పట్టుకుని "కొజిమా ఇవాళ్టి సోషల్ మీడియాని అప్పుడే చెప్పేశాడు" అంటారు. యూట్యూబ్‌లో ఈ వీడియోలకి లెక్కలేదు. మన బ్రహ్మంగారి లిస్టులో చేర్చేసేలా ఉన్నారు. జోస్యం నిజమైందా లేదా అన్నది నాకు చిన్న విషయం. ఆ ఏఐ మాటలు విలన్ మాటలని కూడా చాలామంది మర్చిపోతున్నారు. వాడి వాదన నచ్చేసి షేర్ చేస్తున్నారు!

లోపాలు లేవని కాదు. సేవ్ చేసిన ప్రతిసారీ రోజ్ కబుర్లు భరించాలి, కల్నల్ ఉపన్యాసం మధ్యలో టీ తాగొచ్చు. ఎమ్మాని వెంటేసుకుని నీళ్ళలో ఈదే భాగం శుద్ధ టార్చర్.

అయినా ఆడండి. రైడెన్‌గా మొదటి కంప్యూటర్‌లో లాగిన్ అయ్యేటప్పుడు పేరు, పుట్టినతేదీ అడుగుతుంది. అక్కడ గేమింగ్ ఐడీ కొట్టొద్దు, మీ అసలు పేరే ఇవ్వండి. ఎండింగ్‌లో రైడెన్ మెడలో ఉన్న ట్యాగ్ మీద ఏం రాసుందో, దాన్ని వాడేం చేస్తాడో అప్పుడు చూద్దురుగాని.