పందిరి వేస్తే ఎవరిని పిలవాలి?



పర్ణశాలల పండుగ మనమూ చేద్దామా అని యౌవనస్థులు అడుగుతున్నారు. కొన్ని సంఘాలవారు బూర ఊది, ఇశ్రాయేలు జెండాలు పట్టుకొని చేయడం వీడియోల్లో చూశారట. చేయకపోతే పాపమా? కాదు. పండుగల విషయంలో ఎవరి తీర్పుకూ లోబడనక్కరలేదని కొలొస్సయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు తేల్చేశాడు. చేయదలిస్తే మాత్రం జెండా కంటే ముందు భోజనపు పంక్తి సంగతి చూడండి.

యూదులకు ఇది ఏడవ నెల 15వ దినాన మొదలై ఏడు రోజులు సాగే పండుగ. ద్రాక్ష, ఒలీవ పంటలు ఇంటికి చేరే కాలం. కొమ్మలతో, ఆకులతో పందిరి కప్పి అందులోనే భోంచేస్తారు. రాత్రి నక్షత్రాలు కనిపించేంత పలచగా కప్పితే మంచిదంటారు. మాదీఫలం (మన దబ్బకాయ జాతిదే), ఖర్జూరపు మొవ్వ, గొంజి, నిరవంజి కొమ్మలు చేతపట్టుకొని దేవుని స్తుతిస్తారు. గాదె నిండినవాడే వారం రోజులు గుడిసెలో కూర్చోవాలి! అరణ్యంలో తమ పితరులకు ఇల్లు లేదన్న సంగతి మరచిపోకూడదు కదా.

ఇక ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయం తెరవండి. అక్కడ పందిరి కొలతలు లేవు. ఎవరు సంతోషించాలో మాత్రం వరుసగా ఉంది: పిల్లలు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తలిదండ్రులు లేనివారు, విధవరాలు. సంఖ్యాకాండము 29లో ఈ ఏడు రోజులకు చెప్పిన కోడెలను లెక్కవేస్తే 70 వస్తాయి. లోకంలోని 70 జనముల కోసమని యూదుల బోధకులు వివరించారు. అంటే పండుగ వారిదే, ప్రార్థన మాత్రం అందరి కోసం.

మన కోత పండుగలో ఏం జరుగుతోంది? గుమ్మడికాయను ఎక్కువకు పాడినవారి పేరు మైకులో మూడుసార్లు వినిపిస్తుంది. పరిగె ఏరుకొని శేరు బియ్యం తెచ్చిన అమ్మ పేరు ఒక్కసారీ వినిపించదు. చర్చికి రేకులు ఆ వేలంపాట డబ్బుతోనే వచ్చాయి, కాదనను. వేలం ఇంకో రోజు పెట్టుకుందాం. నాట్లకు బెంగాల్ నుండి వచ్చి మోటారు షెడ్డులో వండుకు తినే కూలీల కంటే మనకు పరదేశి ఎవరు? కౌలు కట్టేసి ఖాళీ బస్తాలతో మిగిలినవాడిని ఏ వరుసలో కూర్చోబెడదాం?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. ఈ పండుగలు వారికి ఆరాధన. దాన్ని మనం వేషంగా కట్టడం నాకు నచ్చదు. తేదీ కూడా మనకు కుదరదు. వారి పండుగ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది, అప్పటికి మన వరి ఇంకా చేలోనే ఉంటుంది.

అందుకని కమిటీ ముందు నేను పెట్టేది ఇది. కోతలు, నూర్పిళ్లు అయ్యాక ఒక ఆదివారం షామియానా బదులు కొబ్బరాకుల పందిరి వేద్దాం. మన పేటవారినే కాదు, ఊరివారినీ పిలుద్దాం. ప్రసంగం పావుగంట దాటదు, నాదీ పూచీ. రైతు, కూలీ ఒకే పంక్తిలో, పక్కపక్క విస్తళ్ల ముందు కూర్చోవాలి. ఇది కొందరికి కష్టమని నాకు తెలుసు. వారు వాట్సాప్‌లో కాదు, ఇంటికి వచ్చి నాతో మాట్లాడండి.

మీ సంఘ సేవకుడు