గుమ్మానికి ప్లాస్టిక్ తోరణం, చేనికి జీవామృతం... ఇదెక్కడి లెక్క?



సంక్రాంతికి ఇంకా మూడు నెలలుంది. వరి ఇప్పుడే ఈనిక మీదుంది. ఇంతలోనే పండగ అలంకరణల మీద వీడియో ఏంటండీ అని మీలో కొందరు అనుకుంటారు. బజార్లో కొనుక్కునేవాళ్లకైతే భోగి ముందు రోజు గుర్తొచ్చినా సరిపోతుంది. మన పొలం నుంచి తెచ్చుకోవాలంటే మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి. బంతి నారు ఇప్పుడు పోస్తేనే పండక్కి పూలు. కుచ్చు కట్టడానికి కంకులు కావాలంటే కోత మిషను దిగకముందే ఒక మూల వదులుకోవాలి. తోరణాన్ని కూడా పంటలాగే ముందు అనుకోవాలి.

వరికంకుల కుచ్చు ఎలా అల్లాలో, జొన్న బెండ్లతో ఎడ్లబండి ఎలా చేయాలో మా ఆవిడ, మనవలు వీడియోలో చేసి చూపించారు. పద్ధతి అందులో చూడండి. నేను ఇక్కడ చెప్పాలనుకున్నది వేరే. ప్రకృతి వ్యవసాయం చేసేవాడి ఇంటి గుమ్మానికి ప్లాస్టిక్ తోరణం ఉండకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. ఊరికే వచ్చింది కాదు, దెబ్బ తిని వచ్చింది.

రెండేళ్ల కిందట మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. అంతకుముందు నాలుగేళ్లుగా మా గుమ్మానికి బజారు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ మామిడాకుల తోరణమే ఉండేది. మధ్యలో పసుపుపచ్చ బంతులు, కిందకి చమ్కీ దారాలు. ఏటా కడిగి కట్టేవాళ్లం. ఆ ఏడు రంగు వెలిసిపోయిందని పండగ అయ్యాక తీసేశాం. తీసి ఏం చేశాం? అరిటాకులు, గుమ్మడి తొక్కలు, వాడిన పూలతో పాటే దొడ్డి వెనకున్న పెంటకుప్ప మీద పడేశాం. పడేసింది ఎవరో కాదు, నేనే.

నెలన్నర పోయాక మా ఆవు మేత తగ్గించింది. నెమరు సరిగ్గా వేయదు. ఎడమ డొక్క ఉబ్బినట్టుంది. వాము, ఇంగువ పట్టించాం. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. పాలు సగానికి పడిపోయాయి. చివరికి పశువుల డాక్టరు వచ్చి ఆపరేషన్ చేయాల్సిందే అన్నాడు. ఎడమ డొక్క దగ్గర కోసి, పెద్ద పొట్టలోకి చెయ్యి పెట్టి తీస్తుంటే పాలిథిన్ సంచులు, నైలాన్ తాళ్లు ఉండ చుట్టుకుని వచ్చాయి. ఆ ఉండలో ఒకచోట చమ్కీ మెరిసింది. నాకు చూడగానే తెలిసింది. అది మా గుమ్మం తోరణం.

ఆవు మేసేటప్పుడు నమలదు కదా. ముందు గబగబా మింగేసి, తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది. అరిటాకుతో పాటు దారం పోతే దారమూ లోపలికే. ప్లాస్టిక్ అరగదు, పేడలో సులువుగా బయటికి రాదు. అక్కడే ఒకదానికొకటి చుట్టుకుంటుంది. మా ఆవు బతికింది. అందరి ఆవులూ బతకవు. పైగా మందులు, సూదులు వాడినన్నాళ్లూ ఆ పేడ, మూత్రం జీవామృతానికి వాడటానికి నాకు మనసొప్పలేదు. పొలానికి రసాయనం తగలకూడదని అన్నేళ్లు కాపాడుకొచ్చిన వాణ్ని, నా చేత్తోనే ఆవుకి ప్లాస్టిక్ పెట్టాను. ఇంతకంటే సిగ్గు ఏముంటుంది?

మనందరం నేర్చుకున్న మొదటి పాఠం ఏంటి? పొలానికి కావాల్సింది బయట కొననక్కర్లేదు, మన దగ్గరే ఉంది అని. విత్తనం మనది, పేడ మనది, కషాయానికి ఆకు మనది. మరి ఈ సూత్రం పొలం గట్టు దాటి గుమ్మం దాకా ఎందుకు రాదు? ఊళ్లో అందరికంటే పెద్ద పండగ మనది. పంట ఇంటికొచ్చిన పండగ. పంట పండించినవాడే పండగ అలంకరణ మాత్రం బజారుకెళ్లి కొనుక్కు తెచ్చుకుంటున్నాడు. అలంకరణకి వాడే థర్మాకోల్‌ని 2022 జులై 1 నుంచి కేంద్ర ప్రభుత్వమే నిషేధించింది. చట్టం చెప్పినా చెప్పకపోయినా మనకు తెలియాల్సిన విషయం అది.

ఇప్పుడు పొలంలో ఏముందో చూద్దాం.

ముందు వరికంకులు. మిషను కోతలొచ్చాక కుచ్చులు కనిపించడం తగ్గింది. మిషను గింజని ట్రాక్టర్లో పోసి, గడ్డిని నుగ్గు చేసి వదిలేస్తుంది. కంకి చేతికి రాదు. అందుకే మడి మూల కొంచెం వదిలి కొడవలితో కోయండి. సెంటు నేల కూడా అక్కర్లేదు. గింజ పూర్తిగా ఎండేదాకా ఆగొద్దు, రాలిపోతుంది. కంకి వంగి, గింజలు ముప్పాతిక వంతు బంగారు రంగుకి తిరిగినప్పుడు, మంచు తడి ఉండగానే పొద్దున్నే కోయాలి. కాడ జానెడున్నర ఉంచుకోవాలి. నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి, అల్లే ముందు కాడల మీద తడిగుడ్డ కప్పితే విరక్కుండా వంగుతాయి. ఓ మోస్తరు కుచ్చుకి నూటయాభై కంకులు పడతాయి. అందులో వడ్లు అరకిలో కూడా ఉండవు. ఆ పాటి వడ్లు పిచ్చుకలకి పెడితే మనకి తరిగేదేం లేదు.

మన దేశీ వరి వేసినవాళ్లకి ఇందులో ఇంకో లాభం ఉంది. మేం నిరుడు ఒకే కుచ్చులో కాలాబట్టి నల్ల కంకులు, నవార, మామూలు తెల్ల వడ్ల కంకులు వరసలుగా కలిపి అల్లాం. పండక్కి వచ్చిన చుట్టాల్లో ఒక్కరు కూడా దాన్ని అడక్కుండా లోపలికి రాలేదు. "బాబాయ్, ఈ నల్లవేంటి, మాడిపోయాయా?" అని ఒకమ్మాయి. "మావయ్యా, రంగేశారా?" అని ఇంకొకరు. నేను ఎన్ని సమావేశాల్లో మాట్లాడినా వినని మా తమ్ముడి కొడుకు, ఆ కుచ్చు కింద నిలబడి అరగంట దేశీ విత్తనాల గురించి అడిగాడు. ప్లాస్టిక్ తోరణం గురించి ఎవరైనా ఎప్పుడైనా ఏమైనా అడిగారా?

ఒక జాగ్రత్త. కుచ్చుని ఇంట్లో ధాన్యం గాదె దగ్గర వేలాడదీయకండి, వడ్ల చిలక పడుతుంది. వసారాలో గాలి తగిలేచోట కట్టండి. తాడు కూడా నైలాన్ కాదు. అరటి నార, కొబ్బరి తాడు, పురికొస, ఏది ఉంటే అది.

రెండోది బంతి. టమాటాలో శనగపచ్చ పురుగుకి ఎర పంటగా బంతి వేయమని మనమే పదిమందికి చెబుతాం. అదే బంతి గట్టు చుట్టూ రెండు వరసలు ఎక్కువేస్తే పండగ పూలు, గొబ్బెమ్మల పూలు, తోరణం అన్నీ అయిపోతాయి. వాడిపోయాక మళ్లీ చేలోనే ఆచ్ఛాదన.

మామిడాకు విషయంలో మాత్రం ఒక మాట. సంక్రాంతి నాటికి మామిడి పూత మీదుంటుంది. తోరణానికని కొమ్మ చివర్లు విరిచేస్తే పూత పోయినట్టే. కింది వైపు ముదురాకులు ఒక్కొక్కటే తుంపుకోండి. చెట్టు మనదైనా, పక్కవాడిదైనా.

ముగ్గు సంగతి. మా అమ్మ బియ్యప్పిండితో వేసేది. చీమలు తినాలి, పిచ్చుకలు తినాలి అనేది. ఇప్పుడు రాతిపొడి, దాని మీద ప్యాకెట్ల రంగులు. ఆ రంగుల్లో ఏముందో ప్యాకెట్ మీద రాసి ఉండదు. మధ్యలో పెట్టిన గొబ్బెమ్మకి ఆ రంగంతా అంటుకుంటుంది. ఆ పిడక మీద రథసప్తమికి పాలు పొంగించి పరమాన్నం వండుతాం. పసుపు మన దగ్గరుంది. పసుపులో సున్నం కలిపితే ఎరుపు. జాజు ఉంది. మునగాకు ఎండబెట్టి దంచితే ఆకుపచ్చ. బజారు రంగులంత గాఢంగా రావు, ఒప్పుకుంటాను. మర్నాడు నీళ్లు చల్లి ఊడ్చినప్పుడు మట్టికి హాని లేదు. నాకది చాలు.

ఇక పిల్లల పని. బొమ్మల కొలువుకి ఈసారి బొమ్మలు కొనొద్దని మనవలకి చెప్పాను. ఎండిన సొరబుర్రలు, మొక్కజొన్న పొత్తుల పొరలు, తాటాకు, జొన్న దంట్లు ముందర పడేశాం. గంగిరెద్దు చేస్తానని మొదలుపెట్టిన పెద్దవాడి చేతిలో మేక తయారైంది. సొరబుర్ర హరిదాసుకి తల నిలవలేదు, మూడుసార్లు కిందపడింది, చివరికి మెడకి అరటి నార కండువా కట్టి నిలబెట్టారు. మొక్కజొన్న పొరల పెళ్లికూతురికి పీచు జుట్టు పెడితే ముసలమ్మలాగా ఉంది. వచ్చినవాళ్లంతా పడీపడీ నవ్వారు. చిన్నది మాత్రం, "తాతయ్యా, మన మేకకి గంగిరెద్దు అనే పేరు పెడదాం" అంది. కొన్న బొమ్మలు ఏటా అవే. ఈ వంకర బొమ్మల కోసం పిల్లలు దసరా సెలవుల నుంచే సొరపాదు చుట్టూ తిరుగుతున్నారు. ఏ కాయ విత్తనానికి వదలాలో, ఏది ఎంత ముదిరితే బుర్ర గట్టిగా వస్తుందో వాళ్లకిప్పుడు తెలుసు. ఇది నేను పాఠం చెప్పి నేర్పింది కాదు.

మీరు అడగబోయేవి నాకు తెలుసు. "ప్లాస్టిక్ తోరణం ఒక్కసారి కొంటే ఐదేళ్లొస్తుంది, మీది ఐదు రోజులకే ఎండిపోతుంది" అంటారు. నిజమే. ఎండిపోవడమే దాని మంచితనం. ఎండింది ఎరువవుతుంది. ఐదేళ్లు ఉన్నది ఆరో ఏట ఎక్కడికి పోతుందో నేను చూశాను.

"ఇంత పని ఎవరు చేస్తారండీ?" అనేది అసలు ప్రశ్న. దీనికి మనం, ముఖ్యంగా మగవాళ్లం, నిజాయితీగా జవాబు చెప్పాలి. సహజంగా చేద్దాం అని మనం వేదికల మీద అంటాం. ఇంట్లో ఆ పని మాత్రం ఆడవాళ్ల మీద పడుతుంది. పండగ రోజుల్లో వాళ్లకి అరిసెలు, అలుకు, వచ్చేపోయే చుట్టాలు, పాడి, అన్నీ ఉంటాయి. వాటి మీద ఇంకో పని వేస్తే, వాళ్లు బజారు తోరణం కొనడంలో తప్పు లేదు. మా ఇంట్లో ప్లాస్టిక్ తోరణం వచ్చింది కూడా అందుకే. అప్పుడు మా ఆవిడ చేతికి నేనొక్క ఆకు కూడా అందించలేదు. ఇప్పుడు కంకి కోయడం, ఆరబెట్టడం, నార తీయడం, ఆకు కోసి తేవడం నా పని. అల్లడం కూడా నేర్చుకున్నాను. నా అల్లిక చూసి మా ఆవిడ, "ఇది కుచ్చా, చీపురా?" అంది. అనుకోనివ్వండి. వసారాలో అదే కట్టాం, పిచ్చుకలు తేడా ఏం చూపించలేదు.

అమ్ముకోవచ్చా అని కూడా అడుగుతున్నారు. అమ్ముకోవచ్చు. మన దగ్గర బియ్యం కొనే పట్నం వాళ్లు కుచ్చులు కూడా ఇష్టంగా అడుగుతున్నారు. బియ్యం సంచితో పాటు ఒక కుచ్చు పంపి చూడండి. కాకపోతే ముందు మన గుమ్మానికి కట్టాకే అమ్మకం. మన ఇంట్లో లేనిది పక్కవాడికి ఇవ్వకూడదు, బియ్యమైనా కుచ్చైనా.

పండగ అయ్యాక మా ఇంట్లో మిగిలిందేంటో లెక్క చెప్పి ముగిస్తాను. గొబ్బెమ్మలు పిడకలయ్యాయి. రథసప్తమి నాడు వాటి మీదే పాలు పొంగించాం. చిక్కుడుకాయలకి ఈనెపుల్లలు గుచ్చి చేసిన రథం, చిక్కుడాకుల్లో పరమాన్నం ఎలాగూ మన పెరటివే. బంతిపూలు, మామిడాకులు కొబ్బరి పాదుల్లోకి వెళ్లాయి. అరిటాకులు, చెరుకు ఆకు ఆవు తింది. జొన్న బండి విరిగితే పొయ్యిలో పెట్టాం. కుచ్చులో గింజలు మాఘమాసం దాటేసరికి పిచ్చుకలు ఖాళీ చేశాయి. మిగిలిన గడ్డి కూడా ఆవుకే వేశాను. ఈసారి వేసేటప్పుడు చెయ్యి వణకలేదు.

ఈ వారమే బంతి నారు పోయండి. కోత మిషను వాడికి ముందే చెప్పి మడి మూల కొంచెం ఆపించండి. పాత ప్లాస్టిక్ తోరణం ఇంకా ఇంట్లో ఉంటే పెంటకుప్ప మీద మాత్రం వేయకండి. విడిగా కట్టి చెత్త బండికి ఇవ్వండి.