రెండు తెరలు, ఒక ఫొటో

గ్రూపు ఫొటోలలో వరుస చివర ఎవరు నిలబడతారో మీరెప్పుడైనా గమనించారా? నడుమ కుర్చీలో ప్రిన్సిపాలుగారు, అటూ ఇటూ పెద్దలు, వెనుక తక్కినవాళ్ళు. అందరూ సర్దుకున్నాక "నువ్వూ రావయ్యా" అని పిలిస్తే వచ్చి, అంచున భుజం ముడుచుకుని నిలబడేవాడు అటెండరు.

మొన్న మా కాలేజీ అటెండరు రిటైరయ్యాడు. ఆ సభలో పాత ఫొటోలు తెరమీద చూపించే పని నా నెత్తిన పడింది. తెలుగు మేష్టారికి ఈ గొడవ ఎందుకంటారా? కంప్యూటరు శాఖవారు పరీక్షల పనిలో ఉన్నారు. "గణాలు లెక్కపెట్టేవాడికి ఇదెంతసేపయ్యా" అన్నారు ప్రిన్సిపాలుగారు.

మా హాలులో వేదికకు ఎడమవైపు కొత్త టీవీ, కుడివైపు పాత ప్రొజెక్టరు. టీవీ అడ్డం 16 పాళ్ళయితే నిలువు 9. ప్రొజెక్టరు 4కి 3. ఈ 4కి 3 చాలా పాత కొలత. 1890లలో ఎడిసన్ దగ్గర పనిచేసిన డిక్సన్, 35 మిల్లీమీటర్ల ఫిల్ముమీద ఒక్కొక్క బొమ్మకు అంచున నాలుగేసి కంతలు కేటాయించాడు. దానివల్ల ఏర్పడ్డ ఆకారమది. టెలివిజన్ దాన్నే తీసుకుంది, ఆ వెనుక కంప్యూటరూ తీసుకుంది. జనం ఇళ్ళలో టీవీల ముందు కూర్చుండిపోతారని భయపడి హాలీవుడ్డువారు 1953లో 'ది రోబ్'తో తెరను వెడల్పు చేశారు. మనకు సినిమాస్కోపు 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో వచ్చింది. ఆ పొడుగు తెరకూ పాత టీవీకీ రాజీగా పుట్టినది 16కి 9. స్లైడులు తయారుచేసే పవర్‌పాయింటు కూడా 2013 కూర్పునుంచి ఈ కొలతనే ముందు పెడుతున్నది.

ఒకే కంప్యూటరునుంచి రెండు తెరలకూ తీగ లాగితే సగం బాధ తప్పును. మా తీగ ప్రొజెక్టరు దాకా చాలలేదు. అందుచేత రెండు కంప్యూటర్లు, రెండు కొలతల్లో స్లైడులు. టీవీ దగ్గర నేను, ప్రొజెక్టరు దగ్గర బి.కాం. కుర్రవాడు. "బాబూ, నేను తల ఊపినప్పుడల్లా నువ్వు బాణం గుర్తు నొక్కు" అని ఒప్పందం. అంతా బాగానే ఉంది గాని, ప్రిన్సిపాలుగారు మాట్లాడుతుంటే తల ఊపడం నాకు పాత అలవాటు. ఆయన రెండు వాక్యాలు చెప్పేసరికి కుడితెర రెండు స్లైడులు ముందుకు పోయింది. ఎడమవైపు జెండా వందనం, కుడివైపు వనభోజనం.

నవ్వుకుని సర్దుకున్నాం. అసలు సంగతి తరువాత వచ్చింది. 2009 నాటి స్టాఫు ఫొటో ఒకటి నేను ఏరికోరి పెట్టాను; అటెండరు అందులో చక్కగా పడ్డాడు. అది రాగానే ఎడమవైపువారంతా చప్పట్లు కొట్టారు. కుడివైపు చప్పుడు లేదు. అటెండరు భార్యా కూతురూ కూర్చున్నది అటువైపే. ఆ అమ్మాయి మెల్లగా నా దగ్గరకు వచ్చి, "సార్, ఈ ఫొటోలో నాన్న లేరాండీ?" అన్నది.

"ఉన్నారమ్మా, ఆ చివర" అంటూ కుడితెర వంక చూశాను. లేడు.

వేలు పెట్టిందీ నేనే, కోసిందీ నేనే. టీవీ కొలతలో చేసిన స్లైడులను ప్రొజెక్టరు కొలతకు మార్చేటప్పుడు కంప్యూటరు ఒక ప్రశ్న అడుగుతుంది: 'మాగ్జిమైజ్' చేయమంటావా, 'ఎన్ష్యూర్ ఫిట్' చేయమంటావా అని. మొదటిది బొమ్మను పెద్దదిగానే ఉంచి, తెరకు మించినదాన్ని బయటకు నెట్టేస్తుంది. రెండవది మొత్తం ఇమిడేట్టు కుదిస్తుంది. పైనా కిందా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ వెలితిగా కనిపిస్తుందని నేను మొదటిది నొక్కాను. లెక్క చూడండి. ఎత్తు మారకుండా 16కి 9 బొమ్మను 4కి 3 తెరకు పట్టిస్తే వెడల్పులో నాలుగోవంతు పోతుంది, ఒక్కొక్క పక్క ఎనిమిదోవంతు. మా వెనుక వరుసలో పదిమంది. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు పోయారన్నమాట!

ఇళ్ళలో పెళ్ళిళ్ళకూ షష్టిపూర్తులకూ ఇట్లాంటివి చేసేవారికి ఒక మాట. ఏ తెర దొరుకుతుందో తెలియనప్పుడు గ్రూపు ఫొటోను స్లైడు నడుమ ముప్పాతిక వెడల్పులోనే సర్దండి. టీవీలో అటూ ఇటూ కాస్త ఖాళీ ఉంటుంది గాని మనుషులు పోరు. ఇంగ్లండులో పాత టీవీలు పోయి కొత్తవి వచ్చే రోజుల్లో కెమేరావాళ్ళు చేసినదీ ఇదే: ముఖ్యమైనదంతా నడిమి భాగంలో ఉంచి తీసేవారు. ఇక బొమ్మను పక్కకు సాగదీసి తెర నింపేవారున్నారు. అట్లా చేస్తే 4కి 3 లోని మనిషి మూడోవంతు లావవుతాడు. మా ప్రిన్సిపాలుగారికి ఆ అవసరం లేదు.

సభ అయింది. అందరూ ఉప్మా పళ్ళాల దగ్గరకు వెళ్ళారు. నేను మొదటి స్లైడులు తెచ్చి, ఈసారి రెండవది నొక్కి, ప్రొజెక్టరు వెలిగించి, దండతోనే ఆయనను పిలుచుకొచ్చాను. తెరలోని 768 గీతలలో పైన 96, కింద 96 నల్లగా ఉండిపోయాయి. మధ్యన ఫొటో చిన్నదయినా అందరూ ఉన్నారు.

ఆయన దగ్గరకు వెళ్ళి చూసి, "గంట కొట్టే సుత్తి చేతిలోనే ఉండిపోయింది సార్, హడావిడిగా పిలిచారు ఆ రోజు" అన్నాడు. ఆయన భార్య ఏమీ అనలేదు, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

అమ్మాయి మాత్రం రెండవ చివరకు చూపు పోనిచ్చి, "ఇటువైపు సన్నగా నిలబడ్డది మీరు కదండీ, సార్?" అని అడిగింది.

ఆ ఏడే చేరానమ్మా, అన్నాను.